సంక్రాంతి ముందు దుకాణం పేరు, వెబ్‌సైట్ మార్చొచ్చా? (హన్మకొండ, పిండివంటల షాపు)

కుమార్‌పల్లి కోడలు
అక్టోబర్ 27, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

మాది హన్మకొండలో పిండివంటల షాపు. మా అత్తమ్మ 2009లో ఇంట్లోనే మొదలుపెట్టింది. పెళ్లిళ్లకు, సంక్రాంతికి ఆర్డర్ మీద సకినాలు, అరిసెలు, మురుకులు చేసిచ్చేది. తర్వాత షాపు పెట్టాం. బోర్డు మీద వేములవాడ రాజన్న (రాజరాజేశ్వర స్వామి) పేరు, పక్కన హోమ్ ఫుడ్స్ అని ఉంటుంది. మన దగ్గర రాజన్న పేరు మీద ఉన్న కిరాణాలు, మెడికల్ షాపులు, బట్టల షాపులు లెక్కపెడితే వేళ్లు చాలవు. పోయిన నెల ఎవరో గూగుల్‌లో మాకు ఒక్క స్టార్ ఇచ్చి "బజ్జీలు మొత్తం నూనె" అని రాశారు. మా షాపులో బజ్జీలే వెయ్యం! వేరే ఎక్కడో తిని, పేరు చూసి మా మీద పడ్డారు.

అందుకే పేరు మారుద్దామని నేను, మా ఆయన అనుకున్నాం. ఒక డిజైనర్‌ను కలిశాం. ఇంగ్లీషులో రెండు ముక్కల పేరు, కాకతీయ తోరణంతో లోగో, మొత్తం కొత్త వెబ్‌సైట్, అన్నీ కలిపి 70 వేలు చెప్పాడు. ఇప్పుడున్న వెబ్‌సైట్ 2019లో తెలిసిన అబ్బాయితో చేయించింది. ఫోన్‌లో తెరిస్తే సగం పేజీ పక్కకు పోతుంది. ఆర్డర్ ఫారం నింపితే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. రాజన్న పేరు తీసేస్తామంటే ఏమంటుందో అని టెన్షన్.

సంక్రాంతికి రెండున్నర నెలలు ఉంది. మా ఏడాది అమ్మకంలో సగం ఆ ఒక్క నెలలోనే. ఆ లోపల అన్నీ మార్చేస్తే మంచిదా? పేరు మార్చినవాళ్లు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.

కోడ్ కాజీపేట
అక్టోబర్ 27, రాత్రి 10:40

అక్కా, పేరు, లోగో పక్కన పెట్టండి. ముందు ఒకటి చెప్పండి: ఇప్పుడున్న వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్‌తో కొన్నారు? ఆ అబ్బాయి మెయిల్‌తో అయితే ఆ చిరునామా మీది కాదు, అతనిది. కొత్త పేరు పెట్టుకున్నా పాత చిరునామా మీ చేతిలో ఉండాలి. అది లేకపోతే పాత లింకులు పట్టుకుని వచ్చేవాళ్లను కొత్త ఇంటికి తీసుకురాలేరు.

ఇంకోటి, సంక్రాంతి ముందు మార్చకండి. పండుగ పూట ఇంటికి సున్నం వేస్తారు గానీ గోడలు పడగొట్టరు కదా.

జమ్మికుంట ఎరువులు
అక్టోబర్ 28, ఉదయం 6:55

చెల్లె, నా కథ విను. మాది ఎరువులు, విత్తనాల షాపు, నాన్న పెట్టింది. నాలుగేళ్ల కింద మా కొడుకు ఎంబీఏ చేసి వచ్చి, "నాన్నా, మన బోర్డు పాతచింతకాయ పచ్చడి లెక్క ఉంది" అని మొత్తం మార్చిండు. పేరు చివర ఆగ్రో అని తగిలించిండు. పేరుతో పెద్ద బాధ రాలేదు. బాధంతా రంగుతో వచ్చింది.

మాది పసుపు బోర్డు. ఎర్రక్షరాలు. దాన్ని తీసి బూడిద రంగు బోర్డు పెట్టినం, సన్నటి తెల్ల అక్షరాలు. వానాకాలం సీజన్‌లో రైతులు వచ్చి మా షాపు ముందే నిలబడి, పక్క షాపాయనను అడిగిండ్రు, "ఇక్కడ పసుపు బోర్డు సేటు ఉండె, అమ్ముకున్నడా?" అని. నేను లోపల కౌంటర్ మీదనే కూర్చున్న. ఇరవై ఏండ్ల ఖాతాదారుడు ఒకాయన, ఉద్దెర తీసుకున్నోడు, వేరే షాపుకు పోయి కట్టలు తీసుకున్నడు. అడిగితే "నువ్వు దుకాణం ఎత్తేసినవనుకున్న అన్నా" అన్నడు. బాకీ సంగతి మాత్రం ఎత్తలే.

తెల్లారి పెయింటర్‌ను పిలిచి పసుపు కొట్టించిన. పేరు కొత్తదే ఉంది, రంగు పాతది. ఇప్పుడు బాగనే ఉంది.

నీ బోర్డుది ఏం రంగు?

కుమార్‌పల్లి కోడలు
అక్టోబర్ 28, ఉదయం 9:20

అన్నా, చదువుతూ నవ్వాను గానీ లోపల భయమేసింది. మాది ఆకుపచ్చ బోర్డు, గులాబీ అంచు. డిజైనర్ మొదట చెప్పిన మాటే "ఈ ఆకుపచ్చ తీసేద్దాం మేడం" అని.

కాజీపేట తమ్ముడూ, నువ్వు అనుమానించినట్టే అయింది. డొమైన్ ఆ అబ్బాయి మెయిల్‌తోనే ఉంది. ఇప్పుడు అతను బెంగళూరులో ఉద్యోగం. ఏటా రెన్యువల్ డబ్బులు ఫోన్‌పే చేస్తాం, కడుతున్నాడు. మంచివాడే, కానీ మెసేజ్ పెడితే వారానికి జవాబు.

కోడ్ కాజీపేట
అక్టోబర్ 28, ఉదయం 9:48

మంచివాడు కాబట్టే ఇప్పుడే అడగండి. డొమైన్ కొన్న కంపెనీలోనే మీ పేరున ఒక అకౌంట్ తెరిచి దానికి మార్చమనండి, పది నిమిషాల పని. వేరే కంపెనీకి మార్చుకోవాలంటే ఆథ్ కోడ్ అని డొమైన్ తాళంచెవి లాంటిది ఒకటి ఇస్తాడు, అది కావాలి. అతను ఏదో ఒక ఏడు మరిచిపోయాడనుకోండి, డాట్ కామ్ పేరు గడువు దాటి డిలీట్ అయ్యాక ఇంకో 30 రోజులు విడిపించుకునే వీలుంటుంది. కానీ దాని ఫీజు మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ. అదీ దాటితే ఎవడైనా కొనుక్కోవచ్చు.

మెసేజ్ కాదు, ఫోన్ చేయండి.

డీటీపీ భాయ్
అక్టోబర్ 28, మధ్యాహ్నం 1:15

ఇక్కడ అందరూ డిజైనర్ల మీద పడుతున్నారు కాబట్టి మా తరఫున ఒక మాట. వరంగల్ చౌరస్తా దగ్గర ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా. వచ్చినవాళ్లు ఏం చెప్తారో తెలుసా? "భాయ్, కొంచెం డిఫరెంట్‌గా, రిచ్‌గా ఉండాలె." అంతే. ఏం అమ్ముతారు, ఎవరు కొంటారు, ఏ సైజులో వాడతారు, ఏదీ చెప్పరు. అప్పుడు మేం తోరణం పెడతాం. ఎందుకంటే తోరణం పెడితే ఎవరూ బాగాలేదనరు!

నిజం చెప్తున్నా, నేనే ఒక వంద తోరణాలు వేసి ఉంటా. రియల్ ఎస్టేట్‌కు తోరణం, స్కూలుకు తోరణం, బిర్యానీకి తోరణం. అమ్మా, మీరు మాత్రం పెట్టకండి. గుంపులో కలిసిపోతారు.

నల్లకోటు
అక్టోబర్ 28, సాయంత్రం 7:30

తోరణం విషయంలో ఇంకో సంగతి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో కాకతీయ కళాతోరణం, చార్మినార్ ఉన్నాయి. ప్రభుత్వ చిహ్నాలను వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చట్టమే ఉంది. ఉత్త తోరణం బొమ్మ వేరు, చిహ్నం వేరు, నిజమే. కానీ గుండ్రటి చక్రంలో పెట్టి ఆకుపచ్చ రంగు వేస్తే చూసేవాళ్లకు అదేననిపిస్తుంది. ఆ తలనొప్పి ఎందుకు?

ట్రేడ్‌మార్కు గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. కొత్త పేరు తేలగానే బోర్డుకు అడ్వాన్స్ ఇవ్వకముందే ట్రేడ్‌మార్కుల వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. ట్రేడ్‌మార్కుకు సరుకులను క్లాసులుగా విడగొట్టారు; సకినాలు, మురుకులు 30వ క్లాసులోకి వస్తాయి. పచ్చళ్లు కూడా అమ్మితే అవి 29. వ్యక్తులకు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు క్లాసుకు 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తుంది. జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలలు అభ్యంతరాలకు గడువు. రిజిస్టర్ అయితే పదేళ్లు, తర్వాత మళ్లీ కట్టుకోవచ్చు. దరఖాస్తు వేయగానే పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు. సున్నాలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టర్ అయ్యాకే.

దేవుడి పేరు మీద హక్కు అడిగితే కష్టం. 2015లో సుప్రీంకోర్టు అగరుబత్తుల కేసులో 'రామాయణ్' అనే మాటను ఒక్కరికే ట్రేడ్‌మార్కుగా ఇవ్వడం కుదరదని చెప్పింది. కాబట్టి రాజన్న పేరు వాడుకోవచ్చు, ఇంకొకరిని వాడొద్దనడం మాత్రం కుదరకపోవచ్చు. మీ అసలు సమస్య అదే కదా.

సుబేదారి సార్
అక్టోబర్ 28, రాత్రి 8:05

ఇంగ్లీషు పేరు ఎందుకమ్మా? సకినాలు తినేది తెలుగువాళ్లు. చేసేది తెలుగువాళ్లు. మధ్యలో పేరొక్కటి లండన్ నుంచి రావాలా?

డీటీపీ భాయ్
అక్టోబర్ 28, రాత్రి 8:11

సార్, మీ మనవడు చదివే స్కూల్ పేరు ఏంటి?

సుబేదారి సార్
అక్టోబర్ 28, రాత్రి 8:30

అది వాళ్ల నాన్న నిర్ణయం. నన్నడగలేదు.

డాలస్ ఓరుగల్లు
అక్టోబర్ 29, ఉదయం 7:02

నేను కొనేవాడి వైపు నుంచి మాట్లాడతాను. అక్కా, మీరు ఎవరో నాకు అర్థమైంది. మూడేళ్లుగా మీ దగ్గరే తెప్పించుకుంటున్నాం. మా అమ్మది హన్మకొండే.

మీ వెబ్‌సైట్ ఒక్కసారే చూశాను. ముందు పేజీలో పెద్ద ఫొటో, కింద సకినాలు అని రాసి ఉంది. ఆ ఫొటోలో ఉన్నవి మురుకులు. ఎక్కడో నెట్‌లోంచి తీసింది, వెనక అరటాకు, కొబ్బరికాయ. సకినం ఎలా ఉంటుందో తెలియనివాళ్లు చేస్తున్నారేమో అని మా ఆవిడ ఆ రోజే వద్దంది. అమ్మ ఫోన్ చేసి చెప్తే నమ్మి ఆర్డర్ పెట్టాం, అదీ వాట్సాప్‌లో.

నాకు కావాల్సింది మూడు ముక్కలే. కిలోకు సుమారు ఎన్ని వస్తాయి, విరక్కుండా ఎలా ప్యాక్ చేస్తారు, చేరేసరికి మొత్తం ఎంత పడుతుంది. ఇంకా ఒకటి రాయాలి. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు అమెరికాలో ఇంతకుముందు సుంకం లేకుండె, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. ఆ డబ్బు మీరు కడతారా, మేం కట్టాలా అన్నది పేజీలో లేకపోతే పార్సిల్ వచ్చిన రోజు గొడవ.

మీ బోర్డు మీద పేరేంటో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఫోన్‌లో మీ నంబర్ "సకినాలమ్మ" అని ఉంది.

కుమార్‌పల్లి కోడలు
అక్టోబర్ 29, రాత్రి 11:35

డాలస్ అన్నా, మురుకుల ఫొటో సంగతి చదివి సిగ్గేసింది. ఆరేళ్లుగా రోజూ చూస్తున్నా, నా కంటికి ఆనలేదు.

మీరన్న చివరి మాట పట్టుకుని ఈ రోజంతా ఒక పని చేశాను. షాపుకు వచ్చినవాళ్లను, "ఏమీ అనుకోకండి, మీ ఫోన్‌లో మా నంబర్ ఏమని సేవ్ చేసుకున్నారో ఒకసారి చూపిస్తారా" అని అడిగాను. ఇరవై ముగ్గురిని అడిగితే పద్దెనిమిది మంది దగ్గర నంబర్ ఉంది. ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా:

సకినాలమ్మ. సకినాలమ్మ హన్మకొండ. సకినాల ఆంటీ. అప్పాల షాప్. సకినాలమ్మ కొత్త నంబర్ (అది 2016లో మార్చాం). ఒక పెద్దాయన ఫోన్‌లో "అరిసెలు బాగుంటయి" అని ఉంది. ఒక పెళ్లి కేటరింగ్ ఆయన "సకినాలు లేట్" అని పెట్టుకున్నాడు. అడిగితే నవ్వాడు. రెండేళ్ల కింద ఒక పెళ్లికి గంట ఆలస్యంగా ఇచ్చామట.

పద్దెనిమిదిలో పదకొండు సకినాలమ్మే. బోర్డు మీద ఉన్న పేరు ఒక్కరి ఫోన్‌లోనూ లేదు. ఆ ఇంగ్లీషు పేరు ఊసే ఇక ఎత్తను.

కానీ అత్తమ్మను ఎలా అడగాలి? ఆమెను అలా పిలుస్తారని ఆమెకు తెలుసు గానీ, బోర్డు మీద పెడితే ఊరుకుంటుందా?

జమ్మికుంట ఎరువులు
అక్టోబర్ 30, ఉదయం 6:40

"సకినాలు లేట్" అది నా ఫోన్‌లో మా ట్రాన్స్‌పోర్టాయన పేరు లెక్కనే ఉంది.

నల్లకోటు
అక్టోబర్ 30, ఉదయం 10:15

చట్టపరంగా ఒక జాగ్రత్త. ఉత్త 'సకినాలు' అని అడిగితే ఇవ్వరు. సరుకును వర్ణించే మాట కదా, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ దగ్గరే ఆగిపోతుంది. 'సకినాలమ్మ' అంతకంటే నయం, అయినా పరిశీలనలో అదే ప్రశ్న రావచ్చు. పేరును బొమ్మతో కలిపి వేయండి. 2009 నుంచి జనం ఆ పేరుతో పిలుస్తున్నారనడానికి పాత బిల్లులు, వాట్సాప్ ఆర్డర్లు, పెళ్లివాళ్ల చీటీలు దాచిపెట్టుకోండి. ఆ నోట్‌బుక్ కూడా పారేయకండి.

మంకమ్మతోట అక్క
అక్టోబర్ 30, మధ్యాహ్నం 3:22

కరీంనగర్‌లో పచ్చళ్లు చేస్తాను, పోయిన ఏడాదే పేరు మార్చుకున్నాను. లోగో, వెబ్‌సైట్ అంటూ అందరూ పైపైన చెప్తారు. నాకు చుక్కలు చూపించింది కవర్లు.

పేరు మార్చే ముందు పాత ప్రింటెడ్ కవర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. నా దగ్గర ఎనిమిది వేలు మిగిలాయి, సగానికి సగం అటక మీదే. కొత్తవి వేయించేటప్పుడు చవక అని పదివేలు వేయించకు. మొదటి లాట్‌లో తప్పకుండా ఏదో ఒక తప్పు దొర్లుతుంది. నాది నికర బరువు దగ్గర సున్నా ఎగిరిపోయింది.

కవర్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్స్) నంబర్, పదార్థాల జాబితా, ఆకుపచ్చ చుక్క, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలి, నికర బరువు, ఎమ్మార్పీ, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబర్, ఇవన్నీ ఉండాలి. డిజైనర్‌కు అందం కావాలి కాబట్టి వీటిని చీమ తలకాయంత చేస్తాడు. ఒప్పుకోకు. లైసెన్స్‌లో, జీఎస్టీలో కూడా పేరు మార్పించుకోవాలి. జీఎస్టీలో మారిన 15 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఏ పేరు వస్తుంది? నాది మా మామయ్య పేరు వచ్చేది. కొత్త బోర్డు చూసి వచ్చిన అమ్మాయి స్కాన్ చేసి, "ఆంటీ, వేరే ఎవరికో పోతున్నాయి" అని డబ్బులు ఆపేసింది. బ్యాంకులో కరెంట్ అకౌంట్ కొత్త పేరు మీదికి తెచ్చుకునేసరికి నెలన్నర.

డీటీపీ భాయ్
అక్టోబర్ 30, సాయంత్రం 5:50

అమ్మా, 70 వేలు ఇవ్వకండి. బొమ్మ నేను వేస్తా. తెల్లబట్ట మీద ఒక సకినం, పైనుంచి చూసినట్టు, పక్కన చుడుతున్న రెండు వేళ్లు. ఆకుపచ్చ మీదే, గులాబీ అంచుతో. ఏం ఇస్తారో పని చూశాక మాట్లాడుకుందాం.

కోడ్ కాజీపేట
అక్టోబర్ 30, రాత్రి 9:30

భాయ్, ఒక్క మనవి. అను ఫాంట్స్‌లో (డీటీపీ వాళ్ల పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి వెబ్‌సైట్‌కు ఇవ్వకండి. పాత సైట్‌లో అదే జరిగింది, ఇప్పుడే చూశాను. "మా గురించి" పేజీలో సగం గజిబిజి గుర్తులు, మిగతా సగం అక్షరాలను ఫొటోగా పెట్టారు. ఫొటోలోని మాటలు నమ్ముకుంటే గూగుల్ వెతుకులాటలో దొరకడం కష్టం. ఏ ఫోన్‌లోనైనా అక్షరాలుగానే కనిపించే యూనికోడ్‌లోనే రాయాలి. రామభద్ర, మండలి, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. బోర్డుకు, వెబ్‌సైట్‌కు ఒకటే వాడొచ్చు.

వెబ్‌సైట్ చేసేవాళ్లు ఇంకో తప్పు చేస్తారు. వరుసకూ వరుసకూ మధ్య దూరం ఇంగ్లీషుకు సరిపోయేంతే పెడతారు. "హన్మకొండ"లో న కింద మ వత్తు ఉంది చూడండి, అది కింది వరుస గుడిదీర్ఘంలోకి దిగబడుతుంది. బటన్ మీదైతే వత్తు సగానికి తెగిపోతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండా దూరం పెట్టించండి.

పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 అనే శాశ్వత దారి మళ్లింపు పెట్టాలి. ఏ పేజీకి ఆ పేజీ. అన్నీ తెచ్చి ముందు పేజీకి కలిపితే అరిసెల లింకు నొక్కినవాడు దారి తప్పుతాడు. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మారిందని చెప్పడానికి ఒక టూల్ ఉంది. మళ్లింపు కనీసం ఏడాది ఉంచండి, నన్నడిగితే పాత డొమైన్ ఎప్పటికీ వదలొద్దు. మ్యాప్స్‌లో కొత్త లిస్టింగ్ పెట్టకండి, ఉన్నదాంట్లోనే పేరు మార్చండి. లేకపోతే పాత రివ్యూలు పోతాయి.

సుబేదారి సార్
అక్టోబర్ 30, రాత్రి 9:52

బజ్జీల రివ్యూ కూడా ఉంటుందన్నమాట.

కుమార్‌పల్లి కోడలు
నవంబర్ 23, రాత్రి 10:50

ఆలస్యానికి క్షమించండి, పెళ్లిళ్ల ఆర్డర్లు. డొమైన్ మా పేరు మీదికి వచ్చింది. ఫోన్ చేస్తే అరగంటలో చేసిచ్చాడు పాపం, "ఎప్పుడో అడుగుతారనుకున్నా అక్కా" అన్నాడు.

అత్తమ్మకు నోట్‌బుక్ చూపించి, పేర్లన్నీ చదివి వినిపించాను. "సకినాలు లేట్" దగ్గర ఆగి, "ఎవరు వాడు, ఆ కేటరింగాయననా" అని గంట పోట్లాడింది. ఆ రోజు లేటైంది ఆటో వల్లనట, మా వల్ల కాదట. తర్వాత అడిగింది, "మరి రాజన్న?" నేను జవాబు వెతుక్కుంటుంటే తనే అంది, "పెళ్లి శుభలేఖ మీద పైన దేవుడి పేరు ఉంటది, కింద పిల్ల పేరు ఉంటది. పిల్ల పేరు పెద్దగ రాస్తరు. దేవుడు కోపం చేస్తడా?"

అలా తేలిపోయింది. బోర్డు మీద పైన చిన్నగా శ్రీ రాజరాజేశ్వర ప్రసన్న, కింద పెద్దగా సకినాలమ్మ. రంగు పాతదే. ట్రేడ్‌మార్కు వెతుకులాటలో ఏమీ తగల్లేదు, దరఖాస్తు వేశాం. బోర్డు, కవర్లు, వెబ్‌సైట్ అన్నీ సంక్రాంతి అయ్యాకే. ప్రస్తుతానికి పాత సైట్‌లో మురుకుల ఫొటో తీసేసి, అత్తమ్మ బట్ట మీద సకినాలు చుడుతున్న ఫొటో పెట్టాం. ఆర్డర్ ఫారం తీసేసి వాట్సాప్ బటన్ పెట్టాం. అమెరికా పార్సిళ్ల ఖర్చులకు ఒక పేజీ.

భాయ్ పంపిన బొమ్మ అందరికీ నచ్చింది, అత్తమ్మకు తప్ప. కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో పెద్దది చేసి వేలితో లెక్కపెట్టింది. "ఇది మూడు చుట్ల సకినం. మనయి నాలుగు చుట్లు. పైగా ఎడమకు చుట్టిండు, నేను కుడికి చుడతా" అంది.

డీటీపీ భాయ్
నవంబర్ 23, రాత్రి 11:04

చుట్టు కలుపుతా. కుడికి తిప్పుతా. ఆదివారం షాపుకు వస్తా, ఒకసారి అమ్మను చుట్టి చూపించమనండి.

డాలస్ ఓరుగల్లు
నవంబర్ 24, ఉదయం 6:18

నాలుగు కిలోలు రాసుకోండి. రెండు వాము ఎక్కువేసి.